రాక్షసుల పలువరస

ఎవరు రంగులేసిన సైన్యానికి వారి వృత్తి వాసన తగులుతుందని పెద్దలు చెప్పలేదు గానీ, సైకిల్ షాపు మీది గదిలో ఆదివారం యుద్ధాలు చూసినవాళ్ళెవరైనా చెబుతారు. ఆ గదిలో ఒక పొడవాటి బల్ల, దాని మీద అట్టముక్కలతో కట్టిన కొండలు, స్పాంజి తుంచి అతికించిన అడవులు, గోడవారగా ఒక అద్దాల బీరువా. ప్లాస్టిక్ సైనికులు బొటనవేలంత, గుర్రాలు వేలెడంత, రెక్కల పాము జానెడు. యుద్ధం చేసేవాళ్ళు మాత్రం మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు పట్టుకునే వయసువాళ్ళు. కొలత టేపు పెట్టి దళాలను జరపడం, పాచికలు విసిరి ఎవడు చచ్చాడో తేల్చడం, తేలకపోతే అరుచుకోవడం. ఇదీ వాళ్ళ యుద్ధనీతి.

దర్జీ సైన్యంలో ప్రతి భటుడి అంగీకీ కుట్టు కనిపిస్తుంది. ఒకడికి గుండీ దిద్దడం మరిచిపోయినందుకు ఆయనకు వారం పాటు అన్నం సయించలేదట. సెలూనాయన సైన్యంలో తల తెగినవాడికి కూడా పాపిడి చెదరదు. ఇక ఆ సంఘానికి అధ్యక్షుడు ట్రాఫిక్ పోలీసుగా రిటైరైన పెద్దమనిషి. ఆయనవి మూడు గుర్రపు దళాలు: ఎరుపు, పసుపు, పచ్చ. పసుపు దళానికి ఆగాలో కదలాలో ఏనాడూ తెలియదు కాబట్టి ప్రతి యుద్ధంలోనూ నట్టనడుమ చస్తుంది. ఉద్యోగం వదిలినా ఆయన ఈల వదల్లేదు. ఎవరి దళమైనా అంగుళం ఎక్కువ జరిగితే చాలు, ఈల పడుతుంది. కింద షాపులో సైకిళ్ళు కూడా ఆగిపోతాయని దర్జీ చెబుతాడు. దర్జీ చెప్పినవాటిలో సగం నమ్మినా ఎక్కువే.

ఆ అధ్యక్షుడికి వియ్యంకుడు మన దంతాల మేస్త్రి.

డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దానికి తగ్గ కట్టుడు పళ్ళు చేసి ఇవ్వడం మేస్త్రి పని. అచ్చు మీద అంకె ఉంటుందే తప్ప పేరుండదు. అందుచేత ఊళ్ళో సగం నోళ్ళు ఆయనకు కంఠతా వచ్చు గానీ, ఏ నోరు ఎవరిదో తెలియదు. దారిలో ఎవరైనా నవ్వితే, ఈ పన్ను మన చేతి మీదుగా పోయిందేనా అని నిలబడి చూసేవాడు. నవ్వినావిడ ఇంకోలా అనుకున్న సందర్భాలూ ఉన్నాయి. వాటి జోలికి మనం పోవద్దు.

వియ్యంకుడి నోరు మాత్రం ఆయనెప్పుడూ చూడలేదు. చూడనివ్వని మీసం అది. పైపెదవి దాటి కిందిదాకా పెరటి కంచెలా వాలి ఉంటుంది. ఆ కంచె వెనకనుంచే ఆయన గొప్పలు చెప్పేవాడు.

"ఊరందరికీ పళ్ళు కడతారు గానీ బావగారూ, నా నోట్లోంచి మీకొక్క బేరం రాదు. ముప్పై రెండూ నాతో పుట్టినవే. మొన్నటిదాకా సోడా మూతలు పంటితోనే తీసేవాణ్ణి!"

"మీకేం బావగారూ, ఇనుము" అనేవాడు మేస్త్రి. ఆ మాటను ఆయన నిజంగానే నమ్మేవాడు కూడా.

మేస్త్రి రెండేళ్ళుగా ఒక రాక్షస సైన్యానికి రంగులేస్తున్నాడు. పచ్చటి ఒళ్ళు, ఇనుప గదలు, చెవులు తెగిన తలలు. పన్నుకు ఛాయ దిద్దే బ్రష్షుతోనే పని. ఆ బ్రష్షుకు వెంట్రుక ఒక్కటేనని కొందరూ, అదీ అరిగిపోయిందని కొందరూ అంటారు. సైన్యం పూర్తికాగానే సంఘంలో చేరడానికి పెట్టెలో దూది పరిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, సైకిల్ షాపు మెట్లెక్కాడు.

పెట్టె తెరిచారు. సెలూనాయన భూతద్దం పెట్టి చూశాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత కడుపు కదిలింది.

"ఒరే దర్జీ, ఇటు రారా. వీళ్ళ పళ్ళు చూడు!"

ప్రతి రాక్షసుడి నోట్లోనూ ముత్యాల్లాంటి పలువరస. చిగుళ్ళు లేత గులాబి. కోరలు కూడా పక్క పళ్ళతో ఒద్దికగా, ఒక్క వెంట్రుకవాసి ఎగుడుదిగుడు లేకుండా ఉన్నాయి. గద ఎత్తినవాడు హాయిగా నవ్వుతున్నాడు. గొడ్డలి ఝళిపిస్తున్నవాడు ఇంకా హాయిగా నవ్వుతున్నాడు.

"వీళ్ళు యుద్ధానికొచ్చారా, గ్రూపు ఫొటోకొచ్చారా?" అన్నాడు దర్జీ.

"ఆ చివరివాడు అచ్చం మా అల్లుడే. కాస్త పచ్చగా ఉన్నాడంతే" అన్నాడు సెలూనాయన.

అధ్యక్షుడు మీసం మీద అరచేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆయన ఎప్పుడూ అలాగే నవ్వుతాడు. తర్వాత వియ్యపురాలికి జవాబు చెప్పుకోవాలన్న సంగతి గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"చూడండి బావగారూ, రాక్షసుడన్నాక చూస్తే జడుపు రావాలి. వీళ్ళని చూస్తే నమస్కారం పెట్టి కాఫీ తాగుతారా అని అడగాలనిపిస్తోంది. ఆ నోళ్ళు మార్చుకుని వచ్చే ఆదివారం రండి. నాతోనే యుద్ధం. గెలవక్కర్లేదు, ఓడకుండా నిలబడితే చాలు. సభ్యత్వం మీది, బీరువాలో ఒక అర మీది. మా నియమం తెలుసుగా? సైన్యం ఒకసారి బల్లెక్కాక ఎవరూ బ్రష్షు ముట్టకూడదు. ముట్టినవాడు ఓడినట్టే."

బీరువాలో అర. మేస్త్రికి కావలసింది సభ్యత్వం కన్నా ఆ అర. ఎందుకంటే ఇంట్లో సైన్యం విడిది చేసింది అన్నం తినే బల్ల మీద. ఇంటావిడ ఆసుపత్రిలో నర్సు. మాట కూడా సూదిమందులాగే వేస్తుంది, ముందు దూదితో రుద్ది మరీ.

"ఏమండీ, మీ చెయ్యి బంగారం. మీ ఓపిక బంగారం. ఆదివారం సాయంత్రానికి ఈ బల్ల ఖాళీ కాకపోతే మీ బంగారాన్ని గోనెసంచిలో కట్టి అటకెక్కిస్తా. రెండేళ్ళుగా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటున్నాను. నేనేమన్నా రైల్లో ఉన్నానా?"

"అటక మీద ఎలుకలున్నాయే!"

"వాటికీ ఓ కాలక్షేపం."

ఎలుకకు రాక్షసుడంటే భయం లేదు. పైగా ప్లాస్టిక్ అంటే ప్రాణం.

మర్నాడు పని నుంచి రాగానే బల్ల ముందు కూర్చున్నాడు. మొదటి రాక్షసుణ్ణి పట్టుకుని, ముందు పన్ను ఒకటి పాడుచేద్దామని పసుపు అద్దాడు. అద్దిన చోటును చూశాడు. మనసొప్పక అంచు సరిచేశాడు. అంచు సరిచేశాక పక్కపన్నుతో ఛాయ కలపాల్సి వచ్చింది. గంట గడిచేసరికి ఆ రాక్షసుడి పలువరస మునుపటికన్నా ముచ్చటగా తయారైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అందరం విన్నదే. ఇక్కడ పుచ్చుపన్ను పెట్టబోతే బంగారు పన్ను మొలిచింది. ఇంకొకణ్ణి వంకరగా దిద్దుదామని కళ్ళు మూసుకుని గీశాడు. కళ్ళు తెరిస్తే గీత తిన్నగానే ఉంది. జీవితమంతా ఒక్క చెడ్డ పన్నూ చేసి పంపని చెయ్యి అది. యజమాని చెప్పినా వినదు.

చేత్తో గొడవపడుతూ బ్రష్షును టీ గ్లాసులో కడిగి, రంగు నీళ్ళు గుటకేశాడు. ఇంటావిడ వచ్చి చూసి నిట్టూర్చింది.

"నాలుక చూపించండి. ఆ, పచ్చగానే ఉంది. మీకూ వాళ్ళకూ తేడా లేకుండా పోతోంది. ఇంతకీ ఏమిటి బాధ?"

"చెడ్డ పన్ను దిద్దడం రావట్లేదే నాకు."

"రాకపోవడమేమిటి? మీ దగ్గరికొచ్చే నోళ్ళు వచ్చేటప్పుడు ఎలా వస్తాయి? అన్నీ నవ్వుకుంటూ వస్తాయా?"

అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి బ్రష్షు కింద పెట్టాడు. తర్వాత టీ గ్లాసులో ఉన్నది కూడా తాగేశాడు. ఈసారి అది టీయే. కాకపోతే పచ్చ టీ.

నిజమే కదా! బాగుచేసి పంపిన నోళ్ళే తలచుకుంటున్నాడు గానీ, బాగుచేయకముందు అచ్చులో చూసినవో? దవడపన్ను సగం కూలి పాడుబడిన బావిలా ఉన్న నోరు. ముందు రెండు పళ్ళ మధ్య పిల్లి దూరేంత సందున్న నోరు. పన్ను మీద పన్నెక్కి తొంగిచూసే నోరు. ఒకదానిలోనైతే పైవరసలో ఎడమపక్క రెండు పళ్ళు అర్ధచంద్రాకారంలో అరిగి, వాటి పక్కది మొదలంటా విరిగి ఉండేది. ఎవరో బూర ఊదేవాడై ఉంటాడని అప్పట్లో అనుకున్నాడు. కొత్తగా కల్పించమంటే మొరాయించిన చెయ్యి, చూసినది దించమనగానే పరుగెత్తింది. శనివారం పొద్దుగూకేసరికి ప్రతి రాక్షసుడికీ ఒక నిజమైన నోరు కుదిరింది. అర్ధచంద్రం నోరు అన్నిట్లోకీ ఘోరంగా ఉంది కాబట్టి దాన్ని రాక్షసరాజుకు పెట్టాడు. చూడటానికొచ్చిన ఇంటావిడ, రోజూ పుండ్లు కడిగే మనిషి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"బాబోయ్, వీణ్ణి ముందు ఈ బల్ల దింపండి" అంది. మేస్త్రికి బిరుదు అందినంత సంబరమైంది.

ఆదివారం సైన్యం బల్లెక్కింది. సెలూనాయన భూతద్దంతో వంగాడు. వంగినవాడు లేవలేదు. ఈసారి నవ్వలేదు కూడా. చెయ్యి నెమ్మదిగా వెళ్ళి సొంత నోటి మీద పడింది.

"ఏమైందిరా? జడుసుకున్నావా?" అని దర్జీ భూతద్దం లాక్కున్నాడు. ఒక్కొక్కణ్ణే చూసుకుంటూ పోయి, నడిమి వరసలో ఒకడి దగ్గర ఆగాడు. వాడి ముందుపన్ను అంచున చిన్న గాడి ఉంది. దారం కొరికీ కొరికీ పడ్డ గాడి. దర్జీ నోరు తెరిచి, అద్దాల బీరువాలో తన నీడ చూసుకుని, మళ్ళీ రాక్షసుణ్ణి చూసి, పగలబడి నవ్వాడు.

"ఒరేయ్, వీడు నేనేరా! పోయినేడు పన్ను కట్టించుకున్నా. అంతకుముందు నా నోరు ఇదే! మేస్త్రీ, నువ్వేనా కట్టింది?"

"మీదని నాకేం తెలుసండీ? అచ్చు మీద పేర్లుండవు."

"అయితే వీడి నోటి మీదికి చెయ్యెందుకు పోయింది?" అని దర్జీ సెలూనాయన వైపు తిరిగాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు దొరికిపోయిన సెలూనాయన చివరికి ఒప్పుకున్నాడు. పిల్లి దూరే సందు ఆయనదే. కుర్రతనంలో ఆ సందులోంచి పాటలు కూడా ఈలవేసేవాడట. సందు పూడ్చాక పాట పోయిందట. దర్జీ ఇంకా ఇంకా నవ్వాడు.

అధ్యక్షుడు మాత్రం ఆ నవ్వులో కలవలేదు. "చాలు చాలు, యుద్ధం మొదలెట్టండి" అని కసిరాడు.

మేస్త్రికి ఆ పూట పాచికలు పెంపుడు కుక్కల్లా మాట విన్నాయి. గద ఎత్తినవాడు ఒక్కడే పసుపు దళాన్ని మొత్తం నడిమధ్యన తొక్కేశాడు. దానికి అలవాటే కాబట్టి ఎవరూ విచారించలేదు. రాక్షసులు అట్ట వంతెన దాటారు. పచ్చ దళం కొండ వెనక్కి తగ్గింది. చిత్రమేమిటంటే రాక్షసరాజు ఒక అడుగు ముందుకేస్తే వియ్యంకుడి గుర్రాలు రెండడుగులు వెనక్కి వేస్తున్నాయి. టేపు కూడా పెట్టకుండా వెనక్కి లాగేస్తున్నాడు ఆయన. నుదుట చెమట.

'నా రాక్షసుడికి ఇంత మహిమ ఉందా!' అని మేస్త్రి పొంగిపోయి రాజును ఇంకాస్త ముందుకు జరిపాడు.

ఈల పడింది.

"అంగుళం ఎక్కువ!" అన్నాడు వియ్యంకుడు.

మేస్త్రి తలెత్తాడు. ఉక్కు ఈల వియ్యంకుడి నోటి ఎడమపక్కన ఉంది. ఈల దూరడానికి ఆ పక్క మీసం కంచె కొద్దిగా లేచింది. గుండ్రటి ఉక్కు సరిగ్గా అరిగిన రెండు పళ్ళ మధ్య, మేకుకు తగిలించినట్టు తగులుకుని ఉంది. ఎండలో వానలో ఎన్నేళ్ళు అదే చోట కరిచిపట్టి ఊదాడో! మేస్త్రి రాక్షసరాజు నోట్లోని అర్ధచంద్రాన్ని చూశాడు. ఈలను చూశాడు. మళ్ళీ రాజును చూశాడు. బూర ఊదేవాడు కాడు వీడు.

వియ్యంకుడు ఈల తీశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. వియ్యంకుడు మీసాన్ని కిందికి దువ్వుకున్నాడు. కూడలిలో చెయ్యెత్తితే లారీలు ఆగిపోయిన మనిషి, ఆ క్షణాన పరీక్ష తప్పిన పిల్లాడిలా కనిపించాడు.

అప్పుడే దర్జీకి బుద్ధి పుట్టింది. "అది సరే గానీ, మిగతా నోళ్ళెవరివిరా? మన వీధివాళ్ళవే అయ్యుంటాయి. ఆ రాజుగాడిది అన్నిట్లోకీ ఘోరం. ఏదీ, అద్దం ఇలా తే. వీడెవడో పట్టేద్దాం."

"ఈ పక్క అరుగుడు చూశావా?" అన్నాడు సెలూనాయన, తన పరువెలాగూ పోయింది కనుక తోడు వెతుక్కుంటూ. "ఏదో నోట్లో పెట్టుకుని ఉండేవాడురా. చుట్టా? కాదు. గట్టిది. ఇనుపది..."

భూతద్దం రాజు మీదికి వస్తోంది. మేస్త్రికి ఎదురుగా గెలుపు, గోడవారన బీరువా, దానిలో ఖాళీ అర. ఇంకో రెండు పాచికలు పడితే చాలు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోతుంది, తప్పు తనది కూడా కాదు. పైగా ఇన్నేళ్ళ సోడా మూతల గొప్పలకు చెల్లుకు చెల్లు. ఇటు చూస్తే గోనెసంచి, అటక, ఎలుకలు.

బల్ల చివర, ఆటకు ముందు అందరూ చిన్నచిన్న మెరుగులు దిద్దుకునే నల్లరంగు సీసా ఉంది. మేస్త్రి జేబులోంచి బ్రష్షు తీశాడు. ముంచాడు. భూతద్దం కిందికి చెయ్యి పోనిచ్చి, రెండేళ్ళ పనిలోకెల్లా గొప్ప పనిని ఒక్క పూతతో పూడ్చేశాడు. రాక్షసరాజు ముఖంలో ముక్కు కింద చీకటి తప్ప ఏమీ మిగల్లేదు.

"అయ్యో! అయ్యయ్యో!" అని దర్జీ నెత్తి కొట్టుకున్నాడు. "మతిగానీ పోయిందా మేస్త్రీ? బల్ల మీద బ్రష్షు పెట్టావు! గెలిచే ఆట!"

"రంగు కాస్త పోయినట్టనిపించింది" అన్నాడు మేస్త్రి, బ్రష్షు దులుపుకుంటూ. "చేతికి అలవాటండీ. ఆగదు."

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటే ఇదేరా" అన్నాడు సెలూనాయన. "ఓడిపోయావు పో. మంచి సైన్యం, అన్యాయంగా పోయింది."

మేస్త్రి దూది పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. ఒక రాక్షసుణ్ణి తీసి పడుకోబెట్టాడు. రెండోవాణ్ణి తీస్తుండగా ఎదురుగా ఉన్న చెయ్యి వచ్చి ఆయన చేతిలోని బ్రష్షు లాక్కుంది.

వియ్యంకుడు బ్రష్షు నల్లరంగులో ముంచాడు. తన ఎర్ర గుర్రం మీద కూర్చున్న రాజును దగ్గరికి తీసుకున్నాడు. ఆ రాజు ముఖం మూడు నెలలు పడ్డ కష్టమని ఊరందరికీ చెప్పినవాడే, ఆ ముఖాన మూతి మీద నల్లగా ఒక మరక పెట్టాడు.

"ఇదేంటి అధ్యక్షా?" అన్నాడు దర్జీ.

"నాకూ రంగు పోయినట్టనిపించింది."

"మీ చెయ్యి కూడా ఆగలేదా?"

"ఆగలేదు. బ్రష్షు ముట్టినవాడు ఓడినట్టు. ఇద్దరం ముట్టాం. ఇద్దరూ ఓడితే ఎవరు గెలిచినట్టు?" ఆయన ట్రాఫిక్ గొంతు తిరిగి వచ్చేసింది. "ఎవరూ గెలవలేదు. ఎవరూ గెలవకపోతే ఎవరూ ఓడనట్టే. ఓడకుండా నిలబడితే చాలన్నానా లేదా? అన్నాను. ఎవరికైనా అభ్యంతరమా?"

దర్జీ నోరు తెరిచి ఆ లెక్కను రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడ పట్టుకున్నా జారిపోతోంది. "పోలీసు లెక్క" అని వదిలేశాడు. "కానివ్వండి. కానీ ఆ గాడి పన్నువాణ్ణి మాత్రం ముందు వరసలో పెట్టాలి. మా ఆవిడకి చూపించాలి."

"నావాణ్ణి వెనక పెట్టండి" అన్నాడు సెలూనాయన.

వియ్యంకుడు బీరువా తెరిచి, పై అరలోని తన పచ్చ దళాన్ని తనే కిందికి మార్చి చోటు చేశాడు. మెట్ల కింద ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. దర్జీ, సెలూనాయన పాచికలు ఏరుకుంటూ, ముందు వరసెవరిది వెనక వరసెవరిదని కీచులాడుకుంటున్నారు. వియ్యంకులిద్దరూ పక్కపక్కనే నిలబడి రాక్షసుల్ని ఒక్కొక్కణ్ణే అర మీద సర్దారు. చివర్న నల్ల మూతి రాజు మిగిలాడు. వియ్యంకుడు వాణ్ణి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బావగారూ" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ నల్లరంగు... తర్వాతెప్పుడైనా తుడిస్తే, కింద ఉన్నది ఉంటుందా?"

"ఉంటుంది బావగారూ. రంగు కింద రంగు ఎక్కడికీ పోదు."

"తుడవరు కదా?"

"ఏం తుడవాలి?" అని మేస్త్రి ఆ రాజును అందుకుని, అర మధ్యలో, అందరికీ కనబడేలా నిలబెట్టాడు. "వాడికి నోరెక్కడుంది?"